కాలువగట్టు మీద లారీ



గుడివాడ ప్రాంతమున గాని, బందరుకాలువ వెంబడి గాని, దివిసీమలో గాని మన రోడ్లలో పెక్కింటికి ఒక సామాన్యలక్షణము కలదు. ఒక ప్రక్క పంటకాలువ, రెండవ ప్రక్క మురుగుకాలువయో చేపలచెఱువో, నడుమ గట్టు, ఆ గట్టుమీద రోడ్డు. ఎదురుగ వచ్చు బండికి దారి యీయవలెనన్న తొలగుటకు చోటుండదు. మెట్టసీమలో రోడ్డు తప్పిన బండి చేనిలోనికి పోవును. మనసీమలో నీటిలోనికి పోవును. లారీలవలన గలుగు అపాయమును గూర్చి నేడు నేను మనవి చేయబూనినదంతయు చాలవఱకు ఈ యొక్క సంగతినుండియే పుట్టుచున్నది.

ఈ గట్లు లారీలకొఱకు వేసినవి కావు. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట ముగిసిన పిదప సాగిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉపయోగపడినవి. గాలి వాలు లేనపుడు పడవను త్రాటితో లాగుచు మనుష్యులు గట్టువెంట నడచెడివారు. ఆ నడకదారియే కాలక్రమమున పలుచోట్ల కంకరరోడ్డై, తారురోడ్డైనది. నేను బాలుడనై యుండగా ధాన్యపుబస్తాలతో పడవలు పోవుట కన్నులార చూచినవాడను. పడవ వచ్చుచున్నదని బెదరి గట్టుమీద ఆడుకొను బిడ్డను లోనికి పిలిచిన తల్లి లేదు. 1908లో బెజవాడనుండి గుడివాడమీదుగ బందరునకు రైలు వచ్చినది. కాని దాని దారి దానిది, మన దారి మనది. లారీ యొక్కటియే మనము నడచు దారిలోనికి, మన పశువులు పోవు దారిలోనికి, మన పిల్లలు బడికి పోవు దారిలోనికి వచ్చినది.

ఇట్లన్నంతమాత్రమున నేను లారీకి శత్రువును గాను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచినపుడు, దారులు తెఱపిచ్చినంతనే బియ్యము, గుడ్డలు, మందులు మోసికొనివచ్చినది లారీయే. మన ధాన్యము మిల్లునకు జేరుటకును, కైకలూరు చేప వంగదేశమునకు జేరుటకును లారీయే ఆధారము. లేకున్న బాగుండునని కోరుట అవివేకము. దానితో కలిసి బ్రదుకవలసిన వారము గనుక దాని గుణములను ఎఱిగియుండవలెను. ఎద్దును కొనువాడు దాని సుడులు చూచును గదా! ప్రతిదినము మన గుమ్మము ముందునుండి పోవుదాని సుడులు మనము చూడమైతిమి.

మొదట బరువు సంగతి. రెండిరుసులమీద ఆఱుచక్రములుగల లారీ, సరకుతో గూడ, పదునెనిమిదిన్నర టన్నులు తూగవచ్చును. మూడిరుసులమీద పదిచక్రములుగల లారీ ఇరువదియెనిమిదిన్నర టన్నులు తూగవచ్చును. ఇది 2018లో ప్రభుత్వము పెంచి నిర్ణయించిన కొలత. మన డెబ్బదియైదు కిలోల బస్తాలలో చెప్పవలెనన్న, ఆ పదిచక్రముల లారీ మూడువందల యెనుబది బస్తాలంత బరువు. అది గంటకు అఱువది కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నదనుకొనుడు. అనగా సెకనునకు సుమారు పదునేడు మీటర్లు. డ్రైవరు కంటికి మీ గేదె కనబడి, వాని మనస్సునకు తెలిసి, కాలు బ్రేకుమీదికి పోవులోపల ఒక సెకను, ఒకటిన్నర సెకను గడచును. అంతలో లారీ ఇరువది మీటర్లు వచ్చినది. ఇంకను వేగము తగ్గనే లేదు. అక్కడనుండి నిలుచుటకు మఱి ముప్పదియైదో, నలువదో మీటర్లు. వానపడిన రోడ్డైన ఇంకను ఎక్కువ. వేగము రెట్టింపైన బ్రేకు వేసిన పిమ్మట పట్టు దూరము రెట్టింపుతో పోదు, నాలుగురెట్లగును. "వాడు చూచియు ఆపలేదు" అని మనము తిట్టువారిలో పెక్కుమంది చూచినవారే, ఆపబూనినవారే. ఆ బరువు ఆగలేదు.

రెండవ సంగతి కంటిచూపు. దీనిని నేను పుస్తకమువలన గాక ప్రత్యక్షముగ నేర్చితిని. గత సంక్రాంతికి ముందు ధాన్యము తోలించుటకు మిల్లునకు పోయినపుడు, అక్కడ వంతుకొఱకు నిలిచియున్న లారీ డ్రైవరుతో మాటలలో పడితిని. ముప్పదియేండ్లవాడు, వినయశీలి. మోటారుసైకిళ్ళవారు మీకు కనబడనే కనబడరా యని కొంత నిష్ఠురముగనే అడిగితిని. అతడు నొచ్చుకొనక నవ్వి, "బాబాయిగారూ, ఒకసారి పైకెక్కి నా సీట్లో కూర్చోండి. మీకే తెలుస్తుంది" అనెను.

నా మనుమడు పదునొకండేండ్లవాడు నాతోకూడ వచ్చియుండెను. నేను డ్రైవరు చేయిపట్టుకొని యెట్లో పైకెక్కి చక్రముముందు కూరుచుంటిని. డ్రైవరు నా మనుమని లారీకి ఎడమప్రక్కను, ముందుచక్రమునకు దగ్గఱగా నిలువబెట్టెను. అద్దములో చూచితిని, లేడు. వంగి చూచితిని, లేడు. తరువాత పిల్లవానిని లారీ మూతికి ఎదురుగా, రెండడుగుల దూరమున నిలువబెట్టెను. ఎదుట మిల్లు గోడ కనబడుచున్నది, గోడమీది కాకి కనబడుచున్నది, నా మనుమడు మాత్రము కనబడలేదు. "తాతయ్యా, నేనిక్కడే ఉన్నాను!" అని వాడు అఱచుచుండెను. ఇంజను నడచుచుండినచో ఆ అఱపును వినబడియుండెడిది కాదు. ఆ నిమిషమున నా వెన్నులో కలిగిన చలి ఇప్పటికిని తలపునకు వచ్చుచున్నది.

డ్రైవరు కుడిప్రక్కను, ఎత్తున కూరుచుండును. అందువలన ఎడమప్రక్క కొంత భాగమును, మూతిక్రింద కొంత భాగమును, వెనుక భాగమంతయు వానికి చీకటి. ఇప్పటి లారీలకు అద్దములు ఎక్కువ పెట్టుచున్నారు. వానివలన చీకటి తగ్గినది గాని పోలేదు. ఈ సంగతి బడిపిల్లలకు చెప్పవలెను. ఆగియున్న లారీ ముందునుండి దాటరాదు. దాని ఎడమప్రక్కనుండి దూరిపోరాదు. దాటకతప్పదేని డ్రైవరు ముఖము మీకు కనబడునంత దూరమున నిలువవలెను. అతని ముఖము మీకు కనబడనిచో మీరతనికి కనబడరు.

దీనిని చేరినదే మలుపు సంగతి. పడవను ఎఱిగినవారికి ఇది సులభముగ బోధపడును. పడవ తిరుగునపుడు దాని వెనుకభాగము మలుపునకు వెలుపలిప్రక్కకు జరుగును. లారీ అట్లు గాదు. దాని వెనుకచక్రములు ముందుచక్రములు పోయిన జాడను విడిచి, మలుపునకు లోపలిప్రక్కకు కోసికొనివచ్చును. బండి యెంత పొడవైన అంత ఎక్కువగ కోయును. పామఱ్ఱు కూడలివంటి చోట్ల, లారీ మూతి తన్ను దాటిపోయినది గదా యని నిశ్చింతగ మలుపు మూలలో సైకిలు నిలుపుకొన్నవాడు వెనుకచక్రము తనమీదికి వచ్చునని తలపడు. మూల విడిచి రెండుగజములు వెనుకకు నిలుచుటయే దీనికి మందు.

ఇక నేటి స్థితి. బెజవాడనుండి ఉయ్యూరు, పామఱ్ఱు మీదుగ బందరునకు పోవు 65వ నంబరు జాతీయరహదారి నాలుగు వరుసలైనది. పామఱ్ఱునుండి గుడివాడ, కైకలూరు మీదుగ భీమవరము వైపు 165వ నంబరు రహదారి పోవుచున్నది. కాకినాడ వైపునుండి సముద్రతీరము వెంబడి వచ్చు 216వ నంబరు రహదారి బందరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగ వచ్చి పులిగడ్డయొద్ద వంతెనమీద కృష్ణను దాటి రేపల్లె వైపు పోవుచున్నది. ఒకప్పుడు పులిగడ్డకును పెనుమూడికిని నడుమ రేవు దాటవలసిన దివిసీమవాసికి ఈ వంతెన గొప్ప మేలు చేసినది. ఆ మేలుతోడనే దూరదేశపు లారీలను మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని గుడి దగ్గఱకు తెచ్చినది. నాగులచవితికి తెల్లవారుజామున కాలినడకను పోవు ఆడవారు ఆ లారీలు పోవు అంచుననే నడచుచున్నారు. 2023 మే నెలలో తపసిపూడియొద్ద బందరు రేవు పనులకు శంకుస్థాపన జరిగినది. రేవు పనియనగా రాయి, ఇసుక, సిమెంటు. అవి యెల్ల లారీలమీదనే రావలెను.

2024 జూన్ 14వ తేదీ తెల్లవారుజామున కృత్తివెన్ను మండలములోని సీతనపల్లియొద్ద, ఈ 216వ నంబరు రోడ్డుమీదనే, కూలిపనివాండ్రు ఎక్కి వచ్చుచున్న చిన్న వ్యానును, ఎదురుగ వచ్చు కంటెయినరు లారీయు ఢీకొని ఆఱుగురు మరణించిరి. ముందు పోవుచున్న ట్రాక్టరును దాటబోవుటలో ఇట్లు జరిగినదని పత్రికలు వ్రాసినవి. మనరోడ్లమీది అపాయములలో ఈ వరుస మాటిమాటికి కనబడును. నెమ్మదిగ పోవునది యొకటి, దానిని దాట తొందరపడునది యొకటి, ఎదురుగ ఆగలేనిది యొకటి. మూడింటికి చాలినంత గట్టు లేదు.

నెమ్మదిగ పోవు ఆ ట్రాక్టరు సాధారణముగ మనదే. మన ట్రాక్టరు ట్రక్కులకు వెనుకదీపమున్నదా? ఉన్నను వెలుగునా? వరిగడ్డి వేసినపుడు ట్రక్కు కనబడక గడ్డిమేటు మాత్రము రోడ్డునిండ కదలిపోవును. రాత్రివేళ అది చీకటిలో చీకటి. టైరు పగిలిన లారీని రోడ్డుమీదనే నిలిపి, వెనుక ఒక చెట్టుకొమ్మ పడవేసి, డ్రైవరు టీ త్రాగబోవుట మీరెఱుగనిది కాదు. నిలిచియున్న లారీ పరుగెత్తు లారీకంటె మంచిదని మనము తలంతుము. చీకటిలో దానిని వెనుకనుండి కొట్టుకొని చచ్చినవారి కుటుంబములు అట్లు తలపవు. 1967లో అమెరికాలో జేన్ మాన్స్‌ఫీల్డ్ అను సినిమానటి ప్రయాణించుచున్న కారు లారీవెనుక క్రిందికి దూరిపోయి ఆమె మరణించెను. లారీవెనుక క్రిందుగా కట్టు ఇనుపకడ్డీకి ఆ దేశమున ఇప్పటికిని ఆమె పేరు పెట్టి పిలుచువారు కలరు. మన దేశమునను లారీకి వెనుక, ప్రక్కల అట్టి కడ్డీలుండవలెనని నిబంధన కలదు. మీ యూరికి వచ్చు లారీలను చూడుడు. ఎన్నింటికి కడ్డీ వంగి వ్రేలాడుచున్నదో, ఎన్నింటికి ఊడదీసినారో.

ఇంతవఱకు లారీ తప్పులు, డ్రైవరు తప్పులు చెప్పితిని. ఇక నా తప్పు చెప్పవలసియున్నది. చెప్పక యీ ప్రసంగము ముగించుటకు నాకు మనసొప్పలేదు.

వరికోత యంత్రములు వచ్చిన తరువాత ధాన్యము పచ్చిగ చేతికి వచ్చుచున్నది. తేమ నూటికి పదునేడు పాళ్ళకు మించిన ప్రభుత్వపువారు కొనరు. పూర్వమువలె కుప్ప వేసి, తీరికగ నూర్చుకొను దినములు పోయినవి. కళ్ళములను చెఱువులుగ త్రవ్వుకొంటిమి. లేదా ఇండ్లు కట్టుకొంటిమి. ఇక మిగిలినది రోడ్డు. తారురోడ్డు వేడికి ధాన్యము త్వరగ ఆఱును. కనుక డిసెంబరు వచ్చినంతనే కాలువగట్టు రోడ్డులో సగము మన ధాన్యమునకు, సగము లోకమునకు అని పంచియిచ్చితిమి. గింజలు టైర్లక్రింద పడకుండ అంచునకు వరుసగ రాళ్ళు పేర్చుట ఆచారమైనది.

పదునాలుగేండ్ల క్రిందట నేనును అట్లే చేసితిని. రెండెకరముల ధాన్యము రోడ్డున పోయించితిని. రాళ్ళు నేనే చూపి పెట్టించితిని. సాయంకాలము బరకములు కప్పించితిని. మఱునాడు తెల్లవారకముందు, మంచులో, ప్రక్కయూరి కుఱ్ఱవాడొకడు మోటారుసైకిలుమీద పాలక్యానులు కట్టుకొని పోవుచు, నల్లని బరకమును దగ్గఱకు వచ్చుదాక చూడక, చక్రము రాతికి తగిలి కుడిప్రక్కకు ఒరిగెను. ఎదురుగ ఊకలారీ వచ్చుచుండెను. ఊకలారీలు ఎట్లుండునో మీరెఱుగుదురు. వల కట్టి రెండుప్రక్కల ఉబ్బించి నింపుదురు. ఆ ఉబ్బుతో మిగిలిన సగము రోడ్డును అదియే ఆక్రమించియుండెను. డ్రైవరు వేగముగ గూడ రాలేదు. తొలగుటకు అతనికి చోటు లేదు; ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క నా ధాన్యము.

కుఱ్ఱవాడు అక్కడనే పోయెను. ఇరువదిరెండేండ్లవాడు. పోలీసువారు వచ్చులోపల మా పాలేరు ఆ రాళ్ళను ఒక్కొక్కటిగ కాలువలోనికి దొర్లించెను. నేను చెప్పలేదు, వలదనియు అనలేదు. కేసు లారీ డ్రైవరుమీదనే వ్రాసిరి. రాళ్ళమాట ఎవరును అడుగలేదు. పదునొకండవనాడు నేను పలుకరింపబోయినపుడు ఆ కుఱ్ఱవాని తండ్రి నాకు కుర్చీ వేసి, "రాళ్ళదేముందిలెండి అన్నయ్యగారూ, మావాడి రాత అట్లా ఉంది" అనెను. అతనికి రాళ్ళ సంగతి తెలియును. నేను బదులు చెప్పలేక లేచి వచ్చితిని.

ఆనాటినుండి రోడ్డున గింజ పోయలేదు. దేవాలయపు ఖాళీస్థలమున, బడి సెలవులలో బడి ఆవరణమున, ఊరందఱును వంతులు వేసికొని ఆఱబెట్టుకొనుచున్నాము. రోడ్డంత వేగముగ ఆఱదు. ఒక దినమో, రెండు దినములో ఆలస్యమగును. మబ్బు పట్టిననాడు నాకును రోడ్డుమీదికి మనసు పోవును, అబద్ధమాడను.

ఇట్టిదే చెఱువుల మన్ను. చేపలచెఱువులు త్రవ్వించునపుడు టిప్పర్ల చక్రములకు అంటి నల్లమన్ను రోడ్డున పడును. ఎండలో అది దుమ్ము. చినుకు పడెనా నేతిగిన్నె. చేపలలారీలనుండి కాఱు నీరును అట్టిదే. చెఱువు త్రవ్వించుకొన్న ఆసామి రోడ్డు గీయించి శుభ్రము చేయవలెనని పంచాయతీలో పెద్దలు గట్టిగ చెప్పిన చాలును. దానికి చట్టము వెదకనక్కఱలేదు.

డ్రైవరుల పని గూర్చి ఒక మాట. ఐసు కరగకముందే చేప పోవలెను, వంతు తప్పకముందే లారీ మిల్లునకు చేరవలెను అని తొందరపెట్టువారము మనమే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు పనియని చెప్పుచుండెను. ఐదు గంటల పనికి పిదప అరగంట విశ్రాంతి ఈయవలెనని కూడ చెప్పుచుండెను. మిల్లుదగ్గఱ నన్ను పైకెక్కించిన డ్రైవరును ఎప్పుడు నిద్రించితివని అడుగగా, "నిన్నటి మొన్న రాత్రండీ" అని సిగ్గుపడుచు చెప్పెను. అట్టివానికి ఒక జాము పండుకొనుటకు చెట్టునీడ చూపుట మన పిల్లలకొఱకు చేయు పనియే యగును.

అధికభారము గూర్చి చట్టము కఠినముగనే యున్నది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము పరిమితికి మించి సరకు వేసినచో ఇరువదివేల రూపాయలు, దానిపైన అధికమైన ప్రతి టన్నునకు రెండువేలు జరిమానా. ఇది నడపినవానికే గాక నడపించినవానికిని వర్తించును. 2025 నవంబరు 3వ తేదీని తెలంగాణలో చేవెళ్ళకు సమీపమున మీర్జాగూడయొద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొనగా పంతొమ్మిదిమంది మరణించిరి. బస్సులోనివారిమీద టిప్పరులోని కంకర కుమ్మరించుకొనిపోయి వారిని పూడ్చివేసినది. సరకుగూడ చంపునని ఆనాడు లోకము చూచినది. బస్తాకు కిరాయి తగ్గునని లారీవానిని "ఇంకొక యాబది వేయుము" అని బలవంతపెట్టునది ఎవరో మన మనస్సులకు తెలియును.

తుదకు, ప్రమాదము జరిగిన వెంటనే చేయవలసిన పనులు. 108కి ఫోను చేయుడు. పోలీసులు సాక్ష్యమునకు త్రిప్పుదురను భయముతో దెబ్బతిన్నవానిని విడిచిపోవు రోజులు పోయినవి. 2016 మార్చి 30వ తేదీని సుప్రీముకోర్టు, గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారిని పేరు, ఊరు చెప్పుమని గాని, సాక్షిగ రమ్మని గాని నిర్బంధింపరాదని చెప్పిన నియమములను దేశమంతటికి వర్తింపజేసినది. తరువాత 2019 సవరణ దానిని చట్టములోనే చేర్చినది. ఢీకొట్టిన లారీ నిలువక పాఱిపోయి, నంబరు తెలియకపోయినను, మరణించినవాని కుటుంబమునకు రెండు లక్షలు, తీవ్రముగ గాయపడినవానికి ఏబదివేలు ఇచ్చు ఏర్పాటు 2022 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులో నున్నది. దానికి రెవిన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకొనవలెను. లారీ తెలిసినచో నష్టపరిహారపు దావా వేఱు. దానికి 2019 సవరణ ఆఱు మాసముల గడువు పెట్టినది. కర్మకాండలు, మధ్యవర్తిత్వములు అని కాలము గడపి, ఎవడో యిచ్చు పదివేలకు కాగితముమీద వ్రేలిముద్ర వేసిన విధవరాండ్రను నేనెఱుగుదును. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితములు, లారీ ఇన్సూరెన్సు వివరములు మొదటి వారములోనే పోలీసుస్టేషనునుండి తెచ్చుకొనుటకు వారికి తోడుపోవుడు. చదువువచ్చిన పెద్దమనిషి ఒకడు వెంటనుండిన స్టేషనులో మాట వేఱుగ నుండును.

మా యూరిలో ట్రాక్టరు ట్రక్కులు పదునాలుగున్నవి. రాత్రి వెలుగుపడిన మెఱయు ఎఱ్ఱపట్టీలు బందరులో దొరకును, ఖరీదు స్వల్పము. ఇంతవఱకు పదునొకండింటికి వెనుకను, ప్రక్కలను అంటించితిమి. మిగిలిన మూడింటిలో రెండు కోతపనులకు దివిసీమ పోయినవి. మూడవదాని ఆసామి "చూద్దాం లెండి" అనుచున్నాడు. ఈ ఆదివారము మనుమని వెంటబెట్టుకొని ఆయన ఇంటికి పోవుచున్నాను. పట్టీలు నా సంచిలోనే యున్నవి.